చుక్కకి మారు వడ్డన

చుక్క అంటే ఎంతో తెలియదని ఒప్పుకున్న మనిషిని నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్కరినీ చూడలేదు. మాత్రని సగానికి విరవడం చేతకాదంటారు. చెంచా అంటే ఏ చెంచా అని అడుగుతారు. చుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ పండితులే. "చుక్కే కదమ్మా, ఆ మాత్రం తెలియదా?" అని చేతిలో సీసా లాక్కుని వెళ్ళిపోతారు. మందుల షాపుల్లో కొత్తగా తెల్లకోటు తొడుక్కుంటున్న పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. మీ పాఠాల్లో మందు గురించి చెప్తారు. ఆ మందు పోసే చేతుల గురించి ఎవరూ చెప్పరు. అది నాబోటి రిటైరైన ముసలివాళ్ళు చెప్పాల్సిందే, మీకు వినే ఓపిక ఉంటే.

నేను కౌలాలంపూర్ శివారులో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేశాను. మా ముత్తాత రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా ఈ దేశం వచ్చాడు. అందుకని ఇంట్లో ఆయన తెచ్చిన ఉత్తరాంధ్ర తెలుగు, కౌంటర్ దగ్గర తమిళం, మలయ్, మా టౌకేతో అన్నీ కలిసిన ఇంగ్లీషు. టౌకే అంటే షాపు యజమాని. ఆయన మందుల్ని రోగాల ప్రకారం కాకుండా మూతల రంగుల ప్రకారం సర్దేవాడు. చూడ్డానికి బాగుంటుందట. కొన్నవాళ్ళు ఎవరూ ఉత్తి చేతులతో వెళ్ళకూడదన్నది ఆయన మతం. ఏది కొన్నా ఏదో ఒక ఫ్రీ గిఫ్టు అంటగట్టేవాడు. బీపీ మాత్రలు కొన్నవాళ్ళకి ఉప్పు బిస్కెట్ల పొట్లం ఇచ్చిన ఘనుడు. నేను నెత్తి కొట్టుకుంటే, "ఫ్రీ లా! ఫ్రీగా వస్తే ఎవరికి కోపం?" అనేవాడు. మాట చివర 'లా' తగిలించటం ఈ దేశంలో అందరికీ అలవాటు.

పసిపిల్లలకి వేసే విటమిన్ డి చుక్కలు మా షాపులో బాగా అమ్ముడుపోయేవి. ఆ మందు రెండు రకాలుగా వచ్చేది. ఒకటి నీళ్ళలా పలచగా ఉంటుంది. దాంతోపాటు రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం ఇస్తారు. గొట్టం మీద గీత దాకా పీల్చి పోస్తే ఆ రోజుకి సరిపోతుంది. రెండోది నూనెలో కలిపిన చిక్కటి మందు. దానికి గొట్టం ఉండదు. సీసా మూతిలో చిన్న బిరడా ఉంటుంది. సీసాని నిట్టనిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటే, నెమ్మదిగా, పెళ్ళికూతురు గదిలోంచి బయటికి వచ్చినట్టు, ఒకే ఒక చుక్క జారుతుంది. రోజుకి ఆ ఒక్క చుక్కే. దీన్ని దానిలా, దాన్ని దీనిలా వాడితే కొంపలు మునుగుతాయి. ఈ ముక్క అర్థం చేసుకోండి చాలు, మిగతా కథకి ఇంక శాస్త్రం అక్కర్లేదు.

ఆ నూనె చుక్క ఎలా వెయ్యాలో చూపించడానికి కౌంటర్ కింద నాకొక సీసా ఉండేది. పక్కకి వంచితే చుక్క సైజు మారిపోతుందని, దులిపితే రెండు మూడు ఒకేసారి పడతాయని, తిన్నగా పాప నోట్లో వేస్తే ఎన్ని పడ్డాయో ఆ దేవుడికి కూడా తెలియదని, ముందు చెంచాలో వేసుకోమని వచ్చినవాళ్ళందరికీ చూపించేదాన్ని. వింటున్నట్టు తలూపేవాళ్ళు. ఒకావిడ అంతా విని, "రెండు వేస్తే రెండింతల తెలివి వస్తుందా?" అని అడిగింది. ఒకాయన పాపకి తెచ్చిన చుక్కలు తన టీలో వేసుకున్నాడు. మోకాళ్ళ నొప్పి తగ్గిందని వచ్చి నాకే చెప్పాడు. పక్కన పనిచేసే మలయ్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోదాములోకి పారిపోయేది.

ఇక అసలు కథ. మా తెలుగు సంఘంలో మహిళా విభాగాన్ని మొత్తం తన కొంగుకి ముడేసుకున్న ఒక పెద్దావిడ ఉండేది. సంఘంలో ఏ వంట జరిగినా ఉప్పు చూసేది ఆవిడే. ఉప్పు సరిపోయినా ఇంకాస్త వేసేది కూడా ఆవిడే. కొడుకు సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ కొడుక్కి, కోడలికి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పినాంగులోని జార్జ్ టౌన్ నుంచి కోడలి తల్లి కూడా కూతురి బాలింత పనులు చూడటానికి వచ్చింది. అలా ఒకే ఇంట్లో అమ్మమ్మా నాన్నమ్మా ఇద్దరూ, వాళ్ళ మధ్య మూరెడు పాప. యుద్ధానికి అంతకన్నా ఏం కావాలి?

బారసాలకి నన్నూ పిలిచారు. ఆ రోజు నాన్నమ్మ స్వయంగా వడ్డించింది. మా ఇళ్ళలో విస్తట్లో ఏదీ ఒక్కసారి వేసి ఊరుకోరు. అలా చేస్తే పగవాళ్ళకి పెట్టినట్టు. గరిటె చివర తడయినా సరే, రెండోసారి పడాల్సిందే. దాన్నే మారు అంటాం. ఇక్కడ పుట్టిన మా పిల్లలకి తెలుగు సగం రాదు. తమిళం కలిపి, మలయ్ కలిపి ఏదో లాగిస్తారు. మారు మాత్రం ఎవరూ మరవలేదు. నాకు షుగరుందని చెయ్యి అడ్డం పెట్టినా ఆవిడ వేళ్ళ సందుల్లోంచి పులిహోర జార్చింది.

"మారెయ్యకుండా ఒగ్గేత్తానేటి? నాకు రాత్రి నిద్దర పట్టద్దా?" అంది.

ఆ మర్నాడే కొడుకు చుక్కల మందు కోసం షాపుకి వచ్చాడు. నేను చూపిస్తుంటే ఫోనుతో వీడియో తీశాడు. తీస్తూ తీస్తూ, "ఆంటీ, చుక్క ఎగ్జాక్ట్‌గా ఎంత ఉంటాది? బాటిల్ వంచితే ఎర్రర్ ఎంత వస్తాది?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే. ముచ్చటేసింది. వారం తిరగకుండా దానికోసం ఫోనులో ఒక యాప్ కూడా తయారుచేశాడు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు పాపకి చుక్క వేసి దాన్ని నొక్కితే ఆకుపచ్చ నక్షత్రం వెలుగుతుంది. ఒకసారి నొక్కాక ఆ రోజుకి మళ్ళీ నొక్కినా పలకదు. "డబుల్ డోస్ ఇంపాజిబుల్ లా, ఆంటీ" అని గర్వంగా చూపించాడు. యాప్ సంగతి నాకు తెలియదు గాని వాళ్ళమ్మ సంగతి నాకు కొంచెం తెలుసు. అయినా ఏమీ తోచలేదు, నవ్వి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకి అతను మళ్ళీ వచ్చాడు. పాపకి విరేచనం అవటం లేదు, ఏదైనా ఇమ్మన్నాడు. పసిపిల్లకి నేనేమీ ఇవ్వను, డాక్టరుకి చూపించమన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు వాము నీళ్ళు పడుతున్నారని, తమలపాకు కాడ వాడుతున్నారని చెప్పి వెళ్ళిపోయాడు. తరవాత తల్లే పాపని భుజాన వేసుకుని షాపుకి వచ్చింది. బారసాల నాడు బూరెలా ఉన్న పిల్ల. ఇప్పుడు బుగ్గలు పీక్కుపోయాయి. పాలు తాగటం మానేసింది, తాగినవీ కక్కేస్తోంది. గుడ్డలు మాత్రం తడిసి ముద్దవుతున్నాయట. "బాగా పోస్తన్నాది, ఒంట్లో వేడి పోతన్నాది" అని ఇంట్లో సంబరపడుతున్నారట.

ఆ అమ్మాయి ఏడవలేదు. పాప తలని నా వైపు తిప్పి, "ఆంటీ, ఇది నన్ను చూడట్లేదు" అంది.

నిజమే. ఆ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. ఇంటికి కూడా వెళ్ళొద్దని చెప్పి, టాక్సీ పిలిచి తిన్నగా ఆసుపత్రికి పంపాను.

రక్తపరీక్షలో కాల్షియం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువగా ఉంది. విటమిన్ డి శ్రుతి మించితే జరిగేది అదే. కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె లయ తప్పుతుంది. పాపని వార్డులో చేర్చి సెలైన్ పెట్టారు. డాక్టరు ఇంట్లోవాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట, రోజుకి ఒక్క చుక్క. అబ్బాయి ఫోను చూపించాడు. వరసగా ఆకుపచ్చ నక్షత్రాలు, ఒక్కటి తప్పలేదు. ఇక తప్పెవరిది? సీసాది. సీసా ఎవరు అమ్మారు? నేను.

ఆ సాయంత్రానికే నాన్నమ్మ సంఘం మహిళల ఫోను గ్రూపులో గొంతు వినిపించింది. "ఆ కొట్లో సుక్కలు కొనకండమ్మా, అవి కల్తీ సుక్కలు, మా పిల్లని పొట్టన పెట్టుకోబోయినాయి" అని. మర్నాడు షాపు ముందు జనం. సగం వాడిన సీసాలు తెచ్చి పూర్తి డబ్బు ఇమ్మన్నవాళ్ళు కొందరు. ఒకావిడయితే తలకి రాసుకునే నూనె సీసా తెచ్చి, "ఎందుకైనా మంచిది, ఇది కూడా తీసుకోండి" అంది. టౌకే చుక్కల సీసాలన్నీ అరలోంచి దింపేసి ఆ స్థానంలో టూత్‌పేస్టులు సర్దాడు. నన్ను పక్కకి పిలిచి, "నువ్వు కంపెనీ తప్పు అని చెప్పు. కంపెనీ దూరం లా, మనం దగ్గర" అని సలహా ఇచ్చాడు. నిజంగా కంపెనీదే తప్పా అని నేను అడిగితే, ఆ ప్రశ్న వ్యాపారానికి మంచిది కాదన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. సీసాలో మందే తేడాగా వచ్చిందేమో, ఇంకెన్ని ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో అని. అప్పుడే పాపని చూస్తున్న డాక్టరమ్మ ఫోను చేసింది. తమిళ పిల్ల, చిన్న వయసు, పెద్ద ఓపిక. "అక్కా, సీసాని పరీక్షకి పంపాను, ఫలితం రావటానికి టైమ్ పడుతుంది. ఈలోగా వీళ్ళు చుక్క ఎలా వేస్తున్నారో నా కళ్ళముందు వేయించి చూద్దామనుంది. మీ భాష వాళ్ళే కదా, కొంచెం వస్తారా?" అంది. నా చూపుడు సీసా, ఒక చెంచా సంచీలో వేసుకుని బయలుదేరాను.

వార్డులో పాప మంచం చుట్టూ అందరూ ఉన్నారు. పాప చేతికి సూది, ఆ చెయ్యి కదలకుండా కట్టిన చిన్న చెక్క. ఒక పక్క నాన్నమ్మ, ఎదురు పక్క అమ్మమ్మ, ఒకరి మొహం ఒకరు చూడకుండా. నన్ను చూడగానే నాన్నమ్మ కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది.

ముందు అబ్బాయి వేసి చూపించాడు. సీసా నిట్టనిలువు, చెంచాలో ఒక్క చుక్క. నేను కూడా అంత బాగా వెయ్యలేను. పాప తల్లిని అడిగితే, "నాకెవరూ చాన్సే ఇవ్వలేదు ఆంటీ" అంది. అమ్మమ్మ, "మాకేటి తెలుసు ఈ మందుల సంగతి" అంది. నాన్నమ్మ గోడకేసి చూస్తూనే, "నేను ముట్టుకోలేదు" అంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. డాక్టరమ్మ నా వైపు చూసి పెదవి విరిచింది.

ఇంక లేవబోతున్నాం. అంతలో నాన్నమ్మ కడుపులో ఉన్నది ఆగలేదు. గోడకి చెబుతున్నట్టుగా అంది.

"పినాంగు నుండి పిల్లని సూడ్డానికొచ్చి ఏటి సేసినారో? పొద్దస్తమానం ఆ తమిళ సీరియల్లు. పిల్లకి ఒక్కనాడు మందు పోసిన పాపాన పోలేదు."

అమ్మమ్మ దిగ్గున లేచింది. "నేనా? నేను పొయ్యలేదా వదినా? అల్లుడుగారు ఆఫీసుకెళ్ళినాక దినాం దీపం ఎలిగించి, దేముడి ముందర కూకోబెట్టి నా సేత్తో సుక్క వేసినాను. ఒంటి సుక్క వెయ్యకూడదని మారు కూడా వేసినాను!"

అబ్బాయి తలెత్తాడు. డాక్టరమ్మకి తెలుగు రాదు. ఏమందో తమిళంలో చెబుతున్నాను, నా మాట పూర్తవలేదు, నాన్నమ్మ ఇటు తిరిగింది. ఆవిడ మొహంలో భయం లేదు, పౌరుషం ఉంది.

"రెండు సుక్కలకే ఇంత గొప్పేటి? పిల్లకి అది ఏ మూలకొస్తాది? నేను నీళ్ళు పోసినాక గాలి తగలకుండా తలుపేసుకుని ఎలా పోసీదాన్నో సూడండి!"

చేతిసంచీ తెరిచింది. అందులోంచి ముందు వెండి ఉగ్గుగిన్నె తీసింది, తరవాత సీసా. అదే నూనె చుక్కల సీసా, కాని ఇది ఇంట్లో అబ్బాయి వాడే సీసా కాదు, ఆవిడ సొంతం. బిరడా ఎప్పుడో కత్తిపీట మొనతో పీకేసింది. "ఈ బిరడా దొంగది, సుక్క వదల్దు" అంది. చివరగా గొట్టం తీసింది. ఆకుపచ్చ రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం. సీసాలో ముంచి గీత దాకా పీల్చింది. ఉగ్గుగిన్నెలో వదిలింది. మళ్ళీ ముంచింది.

"ఇది మారు" అంది.

ఆ ఆకుపచ్చ బుడ్డి నాకు తెలుసు. నీళ్ళ మందు సీసాలతో వచ్చి మా షాపులో మిగిలిపోయిన గొట్టాలు అట్టపెట్టె నిండా ఉండేవి. ఒక గొట్టం నిండా ఆ నూనె మందు పీలిస్తే అందులో నెలకి సరిపడా చుక్కలుంటాయి. దానికి మారు. అంటే ఆ పాప పూటకి రెండు నెలల మందు తాగింది.

"ఈ గొట్టం ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"మీ కొట్టోడే ఇచ్చినాడు. ఆదివారం భజనకి వస్తూ సీసా కొన్నాను. సుక్క తొరగా పడదు, ఏటి సెయ్యాలంటే ఇది ఫ్రీ గిఫ్టు లా ఆంటీ, దీంతో పొయ్యి అని సేతిలో ఎట్టినాడు. మంచోడు. ప్రతి ఆదివారం సీసా కొన్నాను, ఎప్పుడూ నవ్వుతూనే ఇచ్చినాడు."

ఆదివారం నాకు సెలవు. ఏడాది పొడుగునా రావలసిన సీసా ఒక ముసలావిడ వారం వారం కొంటుంటే ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు మహానుభావుడు. పైగా సోమవారం పొద్దున నాతో, "మీ తెలుగు ఆంటీ ఒకావిడ చాలా మంచి కస్టమర్" అని మురిసిపోయేవాడు. మంచి కస్టమరంటే మా సంఘంలో ఎవరో ఒకావిడ అనుకున్నాను గాని ఏం కొంటోందో నాకేం తెలుసు?

అబ్బాయి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది, నక్షత్రాలన్నీ ఆకుపచ్చగా. "అమ్మా!" అని అరిచాడు. వార్డంతా ఇటు తిరిగింది. "వన్ డ్రాప్ అని ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

"ఒక్క సుక్క ఏటిరా, పిల్లకి? దిష్టి తీసినట్టు! ఇటమినే కదా, ఇసమా?" అంది ఆవిడ ఇంకా పౌరుషంగానే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వియ్యపురాళ్ళిద్దరినీ చెరో చెంప వాయించాలనిపించింది. నా పేరు కల్తీ అని ఊరంతా చాటిన గొంతు అది. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేకపోయింది. "ఎక్కువైతే విషమేనమ్మా. పాప పడుకుని ఉన్నది దానివల్లే. ఆ సీసాది తప్పు కాదు, మీరు పోసిందే తప్పు" అన్నాను.

ఆవిడ ఉగ్గుగిన్నె కేసి చూసింది. తరవాత పాప కేసి. నిలువునా కూలబడిపోయింది, ఆసుపత్రి నేల మీదే.

"నా సేత్తో నేనే పోసినానా? నా బంగారుతల్లికి నేనే పోసినానా?" అని రెండు అరచేతులూ చూసుకుంది.

ఆ క్షణంలో నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. చాలా జాలేసింది. ఆ ఇంట్లో పాపమీద ప్రేమ లేనివాళ్ళు ఒక్కరూ లేరు, పాపకి వచ్చిన రోగమే అది. ఇన్నాళ్ళూ ఈవిడ ఎప్పుడు పడుతుందా అని కాచుకున్న వియ్యపురాలు మెల్లిగా వచ్చి పక్కన చతికిలబడింది. నాన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేనూ పోసినాను కదా వదినా. నేనూ పోసినాను" అంది.

రెండు చుక్కలకీ రెండు గొట్టాలకీ ఎక్కడి పోలిక? అయినా ఆవిడ తన వాటా వదులుకోలేదు. తిలా పాపం తలా పిడికెడు అని వెక్కిరింపుగా అంటాం గాని, ఆ పూట ఆ పిడికెడు ఆవిడ నిజంగానే పంచుకుంది. అబ్బాయి ఫోను జేబులో పెట్టేశాడు.

పాప కోలుకోవటం ఒక్కరోజులో జరగలేదు. నెత్తురులో కాల్షియం తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. కిడ్నీలు ఎలా ఉంటాయో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ రోజుల్లో ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. ఒక మధ్యాహ్నం, ఎవరికో జలుబు మందు ఇస్తుండగా, పాప తల్లి ఫోను చేసింది. ఈసారి ఏడుస్తోంది.

"ఆంటీ, చూస్తోంది. నన్నే చూస్తోంది" అంది.

నేను కౌంటర్ కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాను.

టౌకేకి జరిగిందంతా చెప్పాను. ఆయన, "నేను ఆ గొట్టానికి డబ్బు తీసుకోలేదు కదా" అన్నాడు. అది ఆయన ఆత్మసాక్షి. ఆకుపచ్చ గొట్టాల పెట్టె మొత్తం తీసుకెళ్ళి చెత్తలో పోశాను. మర్నాడు చూస్తే కడిగి ఆరబెట్టుకుంటున్నాడు. ఆ తరవాత అక్వేరియం చేపల మందుకి అవి ఫ్రీ గిఫ్టు అయ్యాయి. ఆ చేపలు ఏమయ్యాయో నేను అడగలేదు. చుక్కల సీసాలు మళ్ళీ అరలోకి వచ్చాయి. పక్కన 'ఒక్క చుక్క మాత్రమే' అని బోర్డు కూడా పెట్టించాడు. దాని మీద గీయించిన చుక్క కొబ్బరికాయంత ఉంది. మలయ్ అమ్మాయి దాన్ని చూసి మళ్ళీ గోదాములోకి పరుగెత్తింది.

అబ్బాయి యాప్‌కి కొత్త ఏర్పాట్లేవో చేశాడు. మందు ఎవరు పోసినా వాళ్ళ ఫొటో తీస్తుందట. వాళ్ళమ్మ ఫొటోల్లో బాగా పడిందని సంతోషించిందట. ఫోను గ్రూపులో నా షాపు గురించి అన్న మాటకి క్షమాపణ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఒక సాయంత్రం మా ఇంటికి పులిహోర డబ్బా వచ్చింది. రెండు అరల డబ్బా, రెండో అర మారు. సంఘం హాలులో మహిళల రోజు నాడు ఆవిడే మైకు పట్టుకుని చుక్కల మందు ఎలా వెయ్యాలో అందరికీ నేర్పింది. "ఒక్క సుక్కే వెయ్యాల. సీసా నిట్టనిలువుగా పట్టాల. కొంతమందికి ఇది తెలీదు" అంటూ ఆ కొంతమంది ఎక్కడో హాలు బయట ఉన్నట్టు తలుపు కేసి చూసింది. చప్పట్లు కూడా పడ్డాయి. నేనూ కొట్టాను, ఎందుకంటే చెప్పింది తప్పు లేకుండా చెప్పింది.

పిల్లలూ, అప్పటినుంచీ నేను చుక్కల మందు అమ్మేటప్పుడు ఒక ప్రశ్న అడగటం మొదలుపెట్టాను. "పాపకి మందు పోసేదెవరు?" అంటే "నేనే" అంటారు. అక్కడ ఆగకండి. "ఇంకా ఎవరు?" అని అడగండి. అప్పుడు కాస్త ఆలోచిస్తారు. మూడోసారి అడిగితే ఇంట్లో ఉన్న పెద్దావిడ బయటపడుతుంది. ఆవిడనే రమ్మనండి. ఆవిడ చేతికే సీసా ఇచ్చి వేయించండి. యాప్‌లున్నవాళ్ళ ఇళ్ళలో అయితే మరీ తప్పకుండా వేయించండి.

పాపకి అన్నప్రాశన సంఘం హాలులోనే చేశారు. కిడ్నీలకి ఏమీ కాలేదని, అన్నం పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ కూడా వచ్చి మొదటి వరసలో కూర్చుంది. పాప మళ్ళీ బూరెలా అయింది. నాన్నమ్మ వెండి గిన్నెలో పరమాన్నం తెచ్చింది. అది ఉగ్గుగిన్నె కాదు, కొత్త గిన్నె. పాత గిన్నె ఏమయిందని నేను అడగలేదు. ఉంగరం అంచున ఒక మెతుకంత తీసి పాప నాలిక మీద పెట్టింది. పాప చప్పరించి, బాగుందని తేల్చుకుని మళ్ళీ నోరు తెరిచింది.

ఆవిడ చెయ్యి అలవాటుగా గిన్నెలోకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. హాలంతా చూస్తోంది. జనం మధ్యలో నన్ను వెతుక్కుని నా మొహం కేసి చూసింది, నేను ఏదో తీర్పు చెప్పాలన్నట్టు.

"అది అన్నమమ్మా, మందు కాదు. మారు వెయ్యండి" అన్నాను.

ఆవిడ వెయ్యలేదు. గిన్నె తీసుకెళ్ళి పక్కన నిలబడ్డ వియ్యపురాలి చేతిలో పెట్టింది.

"నువ్వెయ్యి వదినా, మారు" అంది.

అమ్మమ్మ కళ్ళనీళ్ళతో రెండో మెతుకు పెట్టింది. నా పక్కనున్నవాళ్ళు ముక్కులు చీదుకున్నారు, నేనూ చీదుకున్నాను. పాప ఆ రెండోదీ మింగేసి, ఇంకా కావాలని ఈసారి మరింత పెద్దగా నోరు తెరిచింది. ఆ మూడోది ఎవరు పెట్టాలన్న దాని మీద వాళ్ళిద్దరూ అక్కడే, అందరి ముందే, మళ్ళీ మొదలుపెట్టారు.